బూడిద పడిన రోడ్డు మీద బండి



బూడిద అనగానే మనకు గుర్తొచ్చేది పొయ్యిలో బూడిద. కట్టెలు, పిడకలు కాలిపోగా మిగిలినది. ఊదితే ఎగిరిపోతుంది. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉంటుంది. దానితో మన ఇళ్ళలో అంట్లు తోమారు, పళ్ళు తోముకున్నారు, కూరపాదులకు చల్లారు, విత్తనాలకు పట్టించి దాచుకున్నారు. ఇన్ని విధాల అక్కరకు వచ్చిన వస్తువు కాబట్టి బూడిదంటే మనకెవరికీ భయం లేదు.

అగ్నిపర్వతం నుంచి వచ్చే దాన్ని కూడా మనం బూడిద అనే అంటాం. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. అది కట్టె కాలిన బూడిద కాదు. పేరుకు బూడిదేగాని, నిజానికి అది రాతిపొడి, గాజుపొడి. ఈ ఒక్క తేడా తెలియకపోతే బండి నడిపేవారు దాన్ని మామూలు దుమ్ము అనుకుని దులుపుతారు, తుడుస్తారు, దాని మీదుగా ఎప్పటి వేగంతోనే పోతారు. తెలిస్తే బండీ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. ఈనాటి ప్రసంగంలో ఆ తేడా ఏమిటో, రోడ్డు మీద అది చేసే పని ఏమిటో చెప్పుకుందాం.

"మన దగ్గర అగ్నిపర్వతాలెక్కడున్నాయి? ఈ గొడవ మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఒక్కటే. అక్కడ మనుషులూ లేరు, రోడ్లూ లేవు. అయినా అగ్నిపర్వతానికి సరిహద్దులతో పని లేదు. 2025 నవంబరు నెలలో ఇథియోపియాలో హేలీ గుబ్బి అనే కొండ పేలితే, ఆ బూడిద మేఘం ఎర్రసముద్రం దాటి మన ఉత్తరాది ఆకాశం మీదికి వచ్చింది. కొన్ని విమానాలు రద్దయ్యాయి. అది విమానాలు తిరిగేంత ఎత్తులో పోయింది కాబట్టి మన రోడ్లకు ఏమీ కాలేదు.

కాని ఒకనాడు మన నేల మీదే పడింది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో తోబా అనే మహా అగ్నిపర్వతం పేలింది. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆ బూడిద మన రాయలసీమ దాకా వచ్చింది. బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు లోయ ఉంది. అది ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా. అక్కడ జ్వాలాపురం దగ్గర నేల తవ్వితే తెల్లని పొర ఒకటి కనిపిస్తుంది. చుట్టుపక్కల గట్ల మీద పడింది కూడా వానలకు కొట్టుకొచ్చి లోయలో చేరడంతో, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం ఉంది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా, వారి సహచరులు అక్కడ తవ్వి, ఆ పొర కిందా పైనా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో లోకానికి తెలియజేశారు.

మనకు ఇక్కడ కావలసిన విషయం మరొకటి ఉంది. ఆ తెల్లమట్టిని తవ్వి పాత్రలు తోమే పొడుల తయారీకి తరలించారు. ఎందుకని? మాడిన గిన్నెను కూడా గీకి తెల్లగా చేసే గరుకు దానిలో ఉంది కాబట్టి. వేల ఏళ్ళు నేలలో పడి ఉన్నా దాని పదును పోలేదన్నమాట. గిన్నె అడుగును గీకే పొడి మీ బండి అద్దాన్ని గీకదా? ఇంజను లోపలి నున్నటి ఇనుమును గీకదా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

అసలు ఈ పొడి ఎలా పుడుతుంది? గోలీసోడా సీసాను బాగా ఊపి గోలీని లోపలికి నొక్కితే ఏమవుతుంది? లోపల అణిగి ఉన్న గ్యాసు ఒక్కసారిగా పొంగి, సోడాను నురగ చేసి బయటికి చిమ్ముతుంది. భూమి అడుగున కరిగిన రాతిలో కూడా ఇలాగే నీటి ఆవిరి, ఇతర వాయువులు అణిగి ఉంటాయి. పైకి వచ్చి ఒత్తిడి తగ్గగానే అవి పొంగుతాయి. కరిగిన రాయి నురగలాగా ఉబ్బి, తునాతునకలై, గాలిలోకి లేచి చల్లారిపోతుంది. అంత వేగంగా చల్లారిన రాయి గాజు అవుతుంది. ఆ నురగ బుడగల గోడలు పగిలిన ముక్కలే ఈ బూడిద. రెండు మిల్లీమీటర్లకన్నా చిన్న ముక్కలన్నింటినీ బూడిద అనే అంటారు. కొంత ఇసుకలా ఉంటుంది, కొంత మైదాపిండికన్నా మెత్తగా ఉంటుంది. ఎంత మెత్తనిదైనా అంచులు మాత్రం వాడిగానే ఉంటాయి. నీటిలో కరగదు. గాజుకన్నా గట్టివైన రాతి రేణువులు కూడా అందులో కలిసి ఉంటాయి. పైగా అగ్నిపర్వతపు వాయువుల నుంచి వచ్చిన ఆమ్లాల పూత ఆ రేణువుల మీద ఉంటుంది. తడి తగిలితే అది లోహాన్నీ రంగునూ తినడం మొదలుపెడుతుంది.

ఇది రోడ్డు మీద పడితే ఏమవుతుందో లోకం బాగా తెలుసుకున్నది 1980లో. ఆ ఏడాది మే 18, ఆదివారం. ఉదయం ఎనిమిదిన్నర దాటిన రెండు నిమిషాలకు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ కొండ పేలింది. 57 మంది చనిపోయారు. గాలి తూర్పుకు వీస్తుండడంతో బూడిదంతా అటు సాగింది. యాకిమా పట్టణంలో పట్టపగలే చీకటి పడి వీధి దీపాలు వెలిగాయి. కొండకు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో రిట్జ్‌విల్ అనే చిన్న ఊరుంది. మనకు బళ్ళారి నుంచి బెంగళూరు ఎంతో, ఇంచుమించు అంత దూరం. అక్కడ కూడా అంగుళాల కొద్దీ పడింది. ఆ ఊరి పక్కగా పోయే పెద్ద రహదారి మీద బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. దాదాపు రెండు వేల మంది ప్రయాణికులు అక్కడ చిక్కుపడ్డారు. ఊరి జనాభా కూడా ఇంచుమించు అంతే! బడులలో, చర్చీలలో, ఇళ్ళలో ఆ ఊరివారే వారికి చోటిచ్చి అన్నం పెట్టారు. సియాటిల్, స్పోకేన్ నగరాల మధ్య రహదారి సుమారు వారం రోజులు మూతపడింది. యాకిమా పట్టణాన్ని శుభ్రం చేయడానికి పది వారాలు, 22 లక్షల డాలర్లు పట్టాయి. ఇవాళ ఆ సియాటిల్ ప్రాంతంలో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. మీలో కొందరి పిల్లలు కూడా అక్కడ కార్లు నడుపుతూనే ఉండవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ బూడిద బండివాడి దగ్గర నుంచి మూడింటిని లాక్కుంటుంది. మొదటిది చూపు. రెండోది పట్టు. మూడోది ఊపిరి.

ముందు చూపు మాట. బూడిద పడుతున్నప్పుడు కనిపించకపోవడం సరే. పడడం ఆగిన తర్వాత కూడా ఆ బాధ పోదు. పొడిగా ఉన్న బూడిదను ప్రతి చక్రమూ మళ్ళీ లేపుతుంది. మీ ముందు ఒక లారీ పోయిందంటే దాని వెనక తెర కట్టినట్టే. వేగం పెరిగిన కొద్దీ తెర చిక్కబడుతుంది. గాలి వీచినప్పుడల్లా ఇదే తంతు. ఒక వాన గట్టిగా కురిసి అణచేదాకా, లేదా ఎత్తిపోసేదాకా, రోజులు వారాలు ఇలాగే ఉంటుంది. రోడ్డు మీది తెల్లగీతలు కనిపించకుండా పోవడానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర చాలు. గీతలు పోతే తారు ఎక్కడ అయిందో, మట్టి అంచు ఎక్కడ మొదలైందో తెలియదు.

ఇలాంటప్పుడు అందరూ చేసే మొదటి పని వైపర్ వేయడం. అదే చేయకూడని పని. పొడి అద్దం మీద గాజుపొడి ఉండగా రబ్బరుతో రుద్దితే, ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. అద్దం నిండా గీతలు పడతాయి. ఆ రోజు గడిచిపోతుంది గాని, ఎదుటి బండి లైటు పడినప్పుడల్లా ఆ గీతలు మెరిసి కళ్ళు చెదురుతాయి. అద్దం మార్చేదాకా ఆ శిక్ష తప్పదు. కాబట్టి ముందు నీళ్ళు ధారాళంగా పోసి బూడిదను కారిపోనివ్వాలి. ఆ తర్వాతే వైపర్. పొడిగుడ్డతో తుడవడం కూడా ఇంతే తప్పు. మోటారు సైకిలు నడిపేవారి హెల్మెట్ అద్దానికీ, కళ్ళజోడుకూ ఇదే మాట వర్తిస్తుంది.

రెండోది పట్టు. గచ్చు మీద ఆవాలు ఒలికాయనుకోండి. వాటి మీద కాలు వేస్తే ఏమవుతుంది? కాలికీ గచ్చుకూ మధ్య గింజలు దొర్లి మనిషి జారిపడతాడు. టైరుకూ తారుకూ మధ్య బూడిద రేణువులు చేసే పని కూడా అలాంటిదే. ఎంత మందం ఉంటే అంత ప్రమాదమని మనం అనుకుంటాం. కాని న్యూజీలాండ్ పరిశోధకులు పరీక్షించి చూస్తే, ఒక మిల్లీమీటరు పలుచని పొర, అందులోనూ కాస్త ముతక బూడిద, టైరు పట్టును బాగా తగ్గిస్తున్నట్టు తేలింది. "ఏముంది, కొద్దిగా పడింది" అనుకున్న రోడ్డు కూడా మోసం చేయవచ్చునన్నమాట. ఇక మెత్తని బూడిద మందంగా పడి తడిస్తే, మన నల్లరేగడి చేలో తొలివాన పడ్డ దారి ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బ్రేకు వేస్తే చక్రం ఆగుతుంది, బండి ఆగదు. మలుపుల్లో, దిగుడుల్లో, కూడళ్ళలో ఇది మరీ ఎక్కువ. పైగా ఆ పొడి బ్రేకు డ్రమ్ముల్లోకీ, డిస్కుల మధ్యకూ చేరి, లైనింగును అరగదీస్తుంది. చైనుకు పూసిన గ్రీజుకు పట్టుకుంటే, ఆ గ్రీజే ఆకురాయిగా మారి పళ్ళను తినేస్తుంది.

మూడోది ఊపిరి. ఇక్కడ బండి ఊపిరీ, మనిషి ఊపిరీ రెండూ ఉన్నాయి. ఇంజను డీజిలు మాత్రమే తాగుతుందని మనం అనుకుంటాం. నిజానికి అది తాగేదానికన్నా పీల్చేది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆరు లీటర్ల లారీ ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతోందనుకోండి. రెండు చుట్లకు ఒకసారి చొప్పున లెక్క వేస్తే, నిమిషానికి సుమారు నాలుగున్నర వేల లీటర్ల గాలి లోపలికి పోతుంది. ఆ గాలి నిండా బూడిద ఉంటే ఎయిర్ ఫిల్టర్ ఎంతసేపు నిలుస్తుంది? ముందు ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇంజనుకు ఊపిరాడదు. ఎత్తు ఎక్కలేదు, నల్లపొగ కక్కుతుంది, చివరికి ఆగిపోతుంది. అంతటితో ఆగిపోతే అదృష్టమే. ఫిల్టర్ చిరిగినా, సరిగా కూర్చోకపోయినా పొడి నేరుగా సిలిండరులోకి పోతుంది. పిస్టన్ రింగులు అరుగుతాయి. ఇంజను ఆయిల్లో కలిసి ప్రతి బేరింగునూ తిరగలిలో వేసినట్టు నూరుతుంది. రేడియేటరు రెక్కల మధ్య ఇరుక్కుని ఇంజనును వేడెక్కిస్తుంది. ఆల్టర్నేటరులో చేరి దాన్నీ పాడుచేస్తుంది.

మరి ఏం చేయాలి? మొట్టమొదటి సలహా, అన్నింటికన్నా మంచి సలహా, బండి తీయకపోవడమే. బూడిద పడుతున్నంతసేపూ ఇంట్లో ఉండడం, దారిలో ఉంటే దగ్గరున్న ఊళ్ళో ఆగడం. కిరాయి పోతుందని, సరుకు ఆలస్యమవుతుందని మనసు తొందరపెడుతుంది. ఆ తొందరకు లొంగినవారి ఇంజను బాగుచేయించే ఖర్చు ఎన్ని కిరాయిలు పెడితే తీరుతుందో లారీ నడిపే అన్నలకు నేను చెప్పనక్కరలేదు.

తప్పనిసరిగా పోవలసివస్తే, రోగినో, నిండు చూలాలినో తీసుకుపోవలసివస్తే, ఈ జాగ్రత్తలు పాటించండి. వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటనివ్వకండి. ఎదుట సరిగా కనిపించకపోతే ఇంకా తగ్గించండి. హెడ్‌లైట్లు వేసి డిమ్‌లో పెట్టండి. పెద్ద లైటు వేస్తే బూడిద తెర మీద పడి ఆ వెలుగు మీ కళ్ళలోనే కొడుతుంది. ముందు బండికి ఎప్పటికన్నా ఎన్నో రెట్లు దూరం వదలండి. ఓవర్‌టేక్ మాట మరిచిపొండి. బ్రేకు ఒక్కసారిగా తొక్కకుండా గేరు తగ్గిస్తూ నెమ్మదించండి. కిటికీలు మూసి, ఏసీ ఉంటే బయటి గాలి లోపలికి రాకుండా, లోపలి గాలే తిరిగేలా పెట్టండి. డబ్బాల నిండా నీళ్ళు, మనుషులందరికీ ముక్కూ నోరూ బిగువుగా కప్పే మాస్కులు దగ్గర పెట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారినీ పసిపిల్లలనూ వీలైనంతవరకు బయలుదేరదీయకండి. ఆగవలసివస్తే రోడ్డు మీద ఆగకండి. పూర్తిగా రోడ్డు దిగి పక్కకు తీసి ఆపండి. వెనక వచ్చేవాడికి మీరు కనిపించరు.

ఇల్లు చేరాక కూడా పని ఉంది. ఎదుట పదిహేను మీటర్లకు మించి కనిపించనంత చిక్కని బూడిదలో నడిపితే, 80 నుంచి 160 కిలోమీటర్లకు ఒకసారి ఆయిలూ, ఆయిల్ ఫిల్టరూ మార్చాలని నిపుణుల సలహా. పలుచని దుమ్ములోనైతే 800 నుంచి 1,600 కిలోమీటర్లకు ఒకసారి. మామూలుగా మనం వేల కిలోమీటర్లు నడిపే ఆయిల్ సంగతి ఇది! ఎయిర్ ఫిల్టరును నేలకేసి కొట్టి దులపకండి. కంప్రెసర్ గాలిని తక్కువ ఒత్తిడితో లోపలి వైపు నుంచి బయటికి కొట్టించండి. లేదా కొత్తది వేయండి. రేడియేటరు, బ్రేకులు, బండి అడుగుభాగం నీటితో బాగా కడిగించండి. బండి పైభాగాన్ని కూడా చేత్తో రుద్దకుండా పైనుంచి నీళ్ళు వదలండి. ఆమ్లం ఉంటుంది కాబట్టి "రేపు చూద్దాంలే" అనుకుంటే రంగు దెబ్బతింటుంది.

ఇది ఒక్కొక్కరి పని. మరి ఊరి పని? ఏడు మీటర్ల వెడల్పున్న రోడ్డు మీద ఒక సెంటీమీటరు బూడిద పడిందనుకోండి. కిలోమీటరుకు 70 ఘనమీటర్లు. తడిస్తే దాని బరువు 70 నుంచి 140 టన్నులు కావచ్చు. దాన్ని నీళ్ళతో కొట్టి కాలవల్లోకి తోస్తే కాలవలు సిమెంటు పోసినట్టు మూసుకుపోతాయి. జపానులో కగోషిమా అనే పెద్ద నగరం ఉంది. ఎదురుగా అఖాతానికి ఆవల సకురజిమా అగ్నిపర్వతం. 1955 నుంచి అది తరచూ పేలుతూనే ఉంది. ఆ నగరపాలక సంస్థ ఇంటింటికీ పసుపుపచ్చని సంచులు ఇస్తుంది. ఎవరి వాకిటి బూడిద వారు ఎత్తి, సంచిలో కట్టి, చెప్పిన చోట పెట్టాలి. రోడ్ల మీదికి నీళ్ళబండ్లు, ఊడ్చే యంత్రాలు వస్తాయి. ముందు కొద్దిగా తడిపి, దుమ్ము లేవకుండా ఊడ్చి, ఎత్తుకుపోతారు. లక్షల జనం ఉన్న ఆ నగరం అలా బతుకుతోంది. భయపడీ కాదు, నిర్లక్ష్యం చేసీ కాదు. దాని స్వభావం తెలుసుకుని.

చివరిగా మన సరిహద్దు జిల్లాల మాట. రాయచూరు దగ్గర శక్తినగర్‌లో, మహారాష్ట్రలో చంద్రపూర్‌లో, ఒడిశాలో తాల్చేరు ప్రాంతంలో, చెన్నై పక్క ఎన్నూరులో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. బొగ్గు కాలగా వచ్చే ఆ బూడిద అగ్నిపర్వతపు బూడిద కాదు. అందులో ఎక్కువ భాగం సన్నని గుండ్రటి గాజుపూసలు. అంత వాడి ఉండదు. అయినా అదీ గాజే, అదీ కరగదు, అదీ చక్రం కింద దొర్లుతుంది, గాలికి లేస్తుంది. బూడిద మోసే లారీ మీద టార్పాలిన్ సరిగా కట్టకపోతే, వెనక మోటారు సైకిలు మీద వచ్చేవాడి కళ్ళలో పడేది అదే. క్వారీల దగ్గర రాతిపొడి, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర దుమ్ము కూడా ఇలాంటివే. కాబట్టి ఇంతసేపు చెప్పుకున్న జాగ్రత్తలు జపానుకో అమెరికాకో పరిమితం కావు. వేగం తగ్గించడం, దూరం వదలడం, నీళ్ళు పోయకుండా అద్దం తుడవకపోవడం, ఫిల్టరు వేళకు చూసుకోవడం మనకూ అవసరమే. లోడు మోసేవారు టార్పాలిన్ బిగించి కట్టడం వెనక వచ్చే వందమందికి చేసే మేలు.

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, జపాన్, న్యూజీలాండ్ వంటి అగ్నిపర్వతాల దేశాల్లో పనిచేసేవారు ఉంటే, ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు ఈ రెండు ముక్కలు చెప్పండి. అక్కడ ఆకాశం నుంచి బూడిద పడితే అది పొయ్యి బూడిద కాదు, గాజుపొడి అని. పొడి అద్దం మీద వైపర్ వేయవద్దని, బండి పక్కకు తీసి ఆగమని. ఒక పూట ఆలస్యమైనా ఇల్లు చేరడం ముఖ్యం కదా.